నూకాలు పేరుకు పలికిన టీచరుగారు

మా చెల్లెలి మనవరాలు నర్సింగు పూర్తిచేసింది. వృద్ధాశ్రమంలో ఉద్యోగం వచ్చిందని మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చి చెప్పింది. "ఆపరేషన్లు లేవు, కాన్పులు లేవు, యాక్సిడెంటు కేసులు లేవు. తేలిక పనే అమ్మమ్మా" అంది. ఆ పిల్ల ముఖంలో సంతోషం చూసి నేనేమీ అనలేదు. చెప్పాలంటే ఒక పూటలో అయ్యేది కాదు. అందుకని ఇలా రాస్తున్నాను. ఆ పిల్లే కాదు, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లెవరైనా చదువుకోవచ్చు. చదివితే ధైర్యం వస్తుందని మాత్రం చెప్పలేను.

నేను పనిచేసింది రాజోలు దగ్గర ఒక మిషను హోంలో. తెల్లదొరలు కట్టించిన పెంకుల ఇల్లు. ముందు పొడుగాటి వరండా, వెనక కొబ్బరితోట, తోట దాటితే కాలువ. చుట్టుపక్కల వాళ్లు దాన్ని ముసలాళ్ల బంగళా అనేవారు. పందొమ్మిది వందల డెబ్బైల మొదట్లో నేను చేరేసరికి దొరలు వెళ్లిపోయారు, మనవాళ్ల కమిటీ వచ్చింది. మగవాళ్లకొక వార్డు, ఆడవాళ్లకొక వార్డు. నర్సుని నేనొక్కదాన్నే. నా కింద ఇద్దరు ఆయాలు, పైన సూపరింటెండెంటు ప్రకాశరావుగారు.

పని అంతా ఒంటితోనే. మనిషిని పక్కకి తిప్పడం, వీపు తుడిచి పౌడరు వేయడం, పుళ్లు పడితే కడిగి కట్టు కట్టడం, గంజి పట్టడం, గోళ్లు తియ్యడం. ట్రైనింగులో మాకు నేర్పింది అదే. ఆ ఒంటి లోపల మనిషి ఏం చేస్తూ ఉంటాడో ఎవరూ చెప్పలేదు. నాకు ముందు పనిచేసిన సిస్టరుగారు వెళ్లిపోతూ ఒక సలహా ఇచ్చారు: "వాళ్ల మాటలు చెవిలో వేసుకోకమ్మా. వింటే నీకూ మతి పోతాది." ఆవిడ మంచికే చెప్పారు. ఆ సలహా తప్పని నాకు తొందరగానే తెలిసింది. ఎందుకు చెప్పారో తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

*సరంగుగారి లాకులు*

మగవాళ్ల వార్డులో ఒక సరంగు ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు కాలువల్లో లాంచీ నడిపిన మనిషి. కాలువకి అడ్డంగా ఉండే లాకుల తలుపులెత్తి నీళ్లు వదిలితేగాని లాంచీ ముందుకి కదలదు. రోజుకి ఎన్నోసార్లు నన్ను పిలిచి, "లాకులెత్తేరా అండీ?" అని అడిగేవారు. ఎత్తారంటే కంగారుపడేవారు, ఎత్తలేదంటే ఇంకా కంగారుపడేవారు. ఆయాలు నవ్వుకునేవారు. కొన్నాళ్లకి నాకొక సంగతి తట్టింది. అలా అడిగిన కాసేపటికల్లా ఆయన పక్క తడిసేది. ఒంటేలుకి వెళ్లాలని ఆడమనిషితో చెప్పడానికి సిగ్గుపడి, ఆ పెద్దమనిషి తనకి తెలిసిన మాటల్లో చెబుతున్నారు. మర్నాడు లాకుల మాట రాగానే, "ఎత్తుతున్నారండి, రండి" అని చెయ్యి అందించి దొడ్డివైపు తీసుకెళ్లాను. ఆయన ముఖం ఎంత తేలికపడిందో చెప్పలేను.

మతి తప్పినవాళ్ల మాటల్లో అర్థం ఉంటుందని అలా తెలిసింది. అప్పట్లో నాకది గొప్ప సంతోషం. వినగలిగితే చాలు, మిగతాదంతా చక్కబడుతుందనుకున్నాను. వయసు అలాంటిది.

*శాంతమ్మ టీచరుగారు*

శాంతమ్మ టీచరుగారిని హోంకి ఎవరూ తీసుకొచ్చి దింపలేదు. తనంతట తానే బస్సు దిగి, ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టించి, గొడుగు వేసుకుని దాని పక్కనే నడుచుకుంటూ వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. సన్నంచు తెల్లచీర, మోచేతుల దాకా జాకెట్టు, నిటారుగా నడక. మిషను ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేరి అక్కడే హెడ్మిస్ట్రెసుగా రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. పురిట్లో పోయిన చెల్లెలి కూతురు గ్రేసుని పెంచి, చదివించి, పెళ్లి చేశారు. గ్రేసు అమలాపురంలో కాపురం ఉండేది. తన దగ్గరే ఉండమని ఎంతో బతిమాలిందట. "చేతకానప్పుడు ఒకరు తెచ్చి పడేసే కన్నా, చేతనైనప్పుడే నా చోటు నేను చూసుకుంటానే అమ్మా" అని వచ్చేశారు.

మొదటిరోజు ఆయా సత్యవతి, "ఇదిగో మామ్మా, నీ మంచం ఇదే" అంది.

"మీ మంచం అనమ్మా" అన్నారు టీచరుగారు. కోపంగా అనలేదు. పలక మీద తప్పు దిద్దినట్టు అన్నారు.

తరవాత నాతో, "ఏమీ అనుకోకండి సిస్టర్. మా పేటలో ఆడమనిషిని మీరు అని పిలవడం నాతోనే మొదలైందండి. నాకు ఆ మాట మీద కాస్త ఆశ" అని నవ్వారు.

నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. నేనూ ఊరికి ఎడంగా ఉండే పేటలో పుట్టినదాన్నే. మా అమ్మకి అక్షరాలు నేర్పింది ఇలాంటి ఒక టీచరమ్మే. ఆ అక్షరాలు లేకపోతే నేను ఈ తెల్లచీర కట్టేదాన్ని కాదు. మా తాతలు, నాయనమ్మలు పెద్దిళ్ల దొడ్లలో బతికి దొడ్లలోనే పోయారు. అక్కణ్ణించి వరండాలోకి, వరండాలోంచి కుర్చీలోకి రావడానికి మా వాళ్లకి రెండు తరాలు పట్టింది. టీచరుగారి నిటారు నడకలో నాకు అదంతా కనపడేది.

ఆవిడ వచ్చాక ఆడవాళ్ల వార్డు బడిలా తయారైంది. పొద్దున్నే పేపరు పైకి చదివేవారు. మధ్యాహ్నం కోటమ్మ అనే ముసలావిడకి పేరు రాయడం నేర్పేవారు. కోటమ్మ చేలల్లో పనిచేసి నడుం వంగిపోయిన మనిషి. "సచ్చే ముందు నాకెందుకండీ రాత?" అనేది.

"మీ పేరు మీరు రాసుకున్నాకే చద్దురుగాని. 'కో'కి దీర్ఘం వదిలేశారు, ఇవ్వండి మళ్లీ" అనేవారు టీచరుగారు. వార్డంతా నవ్వేది. నేను ఆ హోంలో నవ్వులు విన్నది ఆ రెండేళ్లే.

*పక్క మంచం*

వెంకాయమ్మగారిని కార్లో తీసుకొచ్చారు. బాగా భూమి ఉన్న పెద్దింటి మనిషి. పిల్లలు లేరు, భర్త పోయారు. మతి తప్పి, చెప్పాపెట్టకుండా కాలువ గట్టు వైపు వెళ్లిపోతున్నారని భర్త తమ్ముడి కొడుకు తెచ్చి చేర్చారు. ఊళ్లో మాత్రం ఆసుపత్రిలో ఉంచామని చెప్పుకున్నారట. కమిటీవాళ్లు పొంగిపోయారు. అంతటి ఇంటి మనిషి మన హోంలో చేరారని పదిమందికీ చెప్పుకున్నారు. ఆడవాళ్ల వార్డులో ఆ రోజుకి ఖాళీగా ఉన్నది టీచరుగారి పక్క మంచం ఒక్కటే.

పగలంతా ఆవిడ చిన్నపిల్లలా ఉండేవారు. నగలు మోసి మోసి సాగిపోయిన చెవితమ్మెలు తడుముకుంటూ కూర్చునేవారు. పొద్దు వాలితే చాలు, ఇల్లు వెతుక్కోవడం మొదలు. తలుపులు కొట్టడం, ఏడవడం. ఒక సాయంత్రం ఆ కళ్లు టీచరుగారి మీద ఆగాయి.

"ఒసే నూకాలూ! ఎక్కడ చచ్చేవే ఇంతసేపు? గాబులో నీళ్లేవీ?"

టీచరుగారు కళ్లజోడు తీసి, "అమ్మా, నా పేరు శాంతమ్మండి. నేను టీచర్ని" అన్నారు.

"టీచరేంటే! పొగరెక్కిందేంటే నీకు?"

నూకాలు ఎవరని ఆవిణ్ణి తెచ్చి చేర్చిన అబ్బాయిని అడిగాను. "మా ఇంట్లో పనిచేసేదటండి, నేను పుట్టక ముందెప్పుడో. నాకూ తెలీదు" అన్నారు. టీచరుగారు ఆ ఊళ్లో ఎప్పుడూ అడుగైనా పెట్టలేదు. పోలికలేవైనా కలిశాయో, రంగు కలిసిందో, పేటవాళ్లందరూ ఆవిడ కళ్లకి ఒకేలా ఉంటారో నాకు తెలియదు.

రోజూ అదే తంతు. నూకాలు పలికేదాకా ఆవిడ అన్నం ముట్టేవారు కాదు, ఎవర్నీ పడుకోనిచ్చేవారు కాదు. ప్రకాశరావుగారు వచ్చి టీచరుగారి మంచం దగ్గర నిలబడ్డారు. ఆయన ఎవర్నీ ఏకవచనంతో పిలిచిన మనిషి కాదు. రోగుల ఉమ్మి తానే ఎత్తిపోయడం నేను చూశాను. ఆయన చెడ్డవాడైతే నాకు ఈ కథ చెప్పడం తేలికయ్యేది.

"టీచరుగారూ, మీరు చదువుకున్నవారు. పాపం ఆవిడకి మతి లేదు. ఏ పేరు పెట్టి పిలిస్తే ఏముందండి? ఒక్కసారి ఆయ్ అంటే ఊరుకుంటారు. సేవ అనుకోండి."

"ఇంకే సేవైనా చెప్పండి, చేస్తాను" అన్నారు టీచరుగారు.

నేను ఆయన వెనకే ఆఫీసు గదికి వెళ్లాను. "వద్దండి. డాక్టరుగారికి చెప్పి నిద్రమందు పెంచుదాం. లేదా మంచం మారుద్దాం" అన్నాను.

"మంచాలేవమ్మా? మందిచ్చి పడుకోబెడితే వీపంతా పుళ్లు పడవా? మీరే చెప్పండి సిస్టర్."

పడతాయి. నాకు తెలుసు. వార్డుకి వచ్చేశాను.

ఆ తరవాత వార్డులో వాళ్లే మొదలుపెట్టారు. నిద్రలేక అందరి ముఖాలూ పీక్కుపోయాయి. అందరికన్నా ముందు కోటమ్మే టీచరుగారి మంచం దగ్గరకి పాక్కుంటూ వెళ్లింది. "ఒక్కసారి పలకండమ్మా. మేవందరం ఆయ్, ఆయ్ అని బతికినోళ్లవే. అలవాటైపోద్దండి."

టీచరుగారు ఆవిడ వైపు చాలాసేపు చూశారు. 

ఆ వారంలోనే వెంకాయమ్మగారు నూకాలుని వెతకడానికి లేచి, గడప తట్టుకుని పడ్డారు. నుదురు చిట్లింది. నేను దూది అదిమి పట్టుకుంటే, రక్తం కళ్లలోకి కారుతూంటే, ఆవిడ ఇంకా పిలుస్తూనే ఉన్నారు. "నూకాలూ... ఒసే నూకాలూ..." ఆ గొంతులో అధికారం లేదు. తప్పిపోయిన పిల్ల ఏడుపు అది.

"ఆయ్, వచ్చేనమ్మగారండి."

మా కోనసీమలో ఆయ్ అననిది ఎవరు? బస్సులో కండక్టరూ అంటాడు, కలెక్టరాఫీసులో గుమాస్తా అంటాడు. అది మా మర్యాద. ఆ సాయంత్రం నేను విన్నది అది కాదు. నడుం వంచి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మనిషి సగానికి సగం కుంగిపోయి అనే ఆయ్. మా నాయనమ్మ గొంతులో చిన్నప్పుడెప్పుడో విన్నాను. వెనక్కి తిరిగి చూస్తే టీచరుగారు నిలబడి ఉన్నారు.

వెంకాయమ్మగారు ఠక్కున ఊరుకున్నారు. కట్టు కట్టించుకున్నారు. అన్నం తిన్నారు. వార్డంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

*చాప*

ఒక్కసారి అన్న మాట ఒక్కసారితో పోలేదు. నూకాలు పలికితే చాలదు, అన్నం నూకాలే పెట్టాలి. కాళ్లు నూకాలే పట్టాలి. కొన్నాళ్లకి, "నా ఎదురుగా మంచం మీద కూచుంటావటే!" అని గొడవ. టీచరుగారు దిగి నేల మీద కూర్చున్నారు. గచ్చు చల్లగా ఉంటుందని ప్రకాశరావుగారు ఆలోచించి మంచి తుంగచాప కొని తెచ్చారు. అంత శ్రద్ధ ఆయనకి.

చూడవచ్చిన వాళ్లకి ఆయన ఇద్దర్నీ చూపించేవారు. పెద్దింటి అమ్మగారికి పేటలో పుట్టిన టీచరుగారు సేవ చేస్తున్నారని చెప్పేవారు. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. పేపరు చదవడం ఆగిపోయిందని ఎవరూ గమనించలేదు. కోటమ్మ పలక మంచం కింద పడి ఉంది.

ఒక మధ్యాహ్నం వెంకాయమ్మగారు నిద్రపోతూంటే, నేను కూడా ఆ చాప మీద టీచరుగారి పక్కన కూర్చున్నాను. "మానెయ్యండి. నేను చూసుకుంటాను. కేకలేస్తే వెయ్యనిద్దాం" అన్నాను.

ఆవిడ కాళ్ల వేళ్ల వైపు చూసుకుంటూ మెల్లగా చెప్పారు. "మా అమ్మ ఈవిడలాంటి వాళ్లింట్లోనే పనిచేసేదండి. మా ఊళ్లో. నేను బోర్డింగు స్కూల్నించి సెలవులకి వెళ్లినప్పుడు, అమ్మ ఆ గొంతుతో ఆయ్ అంటూంటే ఒళ్లు మండిపోయేది. ఎందుకలా అంటావే, మామూలుగా అనలేవా అని పోట్లాడేదాన్ని. ఆవిడేమీ చెప్పేది కాదు. ఇప్పుడు తెలిసింది సిస్టర్. ఆ గొంతు మనం తెచ్చుకోనక్కర్లేదు. అదే వస్తుంది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పేను కదా, ఆ గొంతు పోయిందనుకున్నాను. లోపలే ఉందండి. ఒసే అనేసరికి లేచి వచ్చేసింది."

ఆవిడ చీర కుచ్చిళ్లు కాళ్ల మీదికి సర్దుకున్నారు.

"ఇంకోటి చెప్పనా? మీరేమీ అనుకోకూడదు. ఆవిడ పిలుస్తూంటే నాకు కోపం రావట్లేదు. మొదట్లో వచ్చేది. ఇప్పుడు పిలవకపోతే చూస్తున్నాను, ఇంకా పిలవలేదేమిటా అని. బడి మానేశాక నన్ను పనుండి పిలిచినవాళ్లు లేరండి. ఎవరో ఒకరు పిలుస్తున్నారు. పేరు నాది కాదు, అంతే."

అర్థం తెలిస్తే చాలుననుకున్న నా నమ్మకం ఆ మధ్యాహ్నంతో పోయింది. సరంగుగారి మాటకి అర్థం తెలిస్తే చెయ్యి అందించాను. ఈ మాటకి ఏం అందించను?

*గొలుసు*

ముసురు పట్టిన రోజులు. కొబ్బరాకుల మీద వాన ఆగకుండా పడుతోంది. వెంకాయమ్మగారు అప్పటికి మంచం దిగడం మానేశారు, తిండి తగ్గిపోయింది. మధ్యాహ్నం నేను ఆవిడ మడమకి కట్టు మారుస్తున్నాను. టీచరుగారు చాప మీద ఉన్నారు. ప్రకాశరావుగారు అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

వెంకాయమ్మగారు ఉన్నట్టుండి చెయ్యి కిందకి జాపి, టీచరుగారి భుజం పట్టుకున్నారు.

"నూకాలూ, గొలుసు నువ్వు తియ్యలేదే. నాకు తెలుసే."

టీచరుగారు ఆయ్ అనలేదు. తలెత్తి చూశారు.

"బియ్యం డబ్బాలో దొరికింది. నేనే పెట్టేను, మర్చిపోయేను. అప్పటికే నిన్ను కొట్టేశారు. చెట్టుకి కట్టేసి కొట్టేశారు. దొరికిందని చెబితే ఆయన నన్ను తిడతారని చెప్పలేదే. నువ్వు ఊరొదిలి పోయేవు. పిల్లని చంకనేసుకుని పోయేవు." ఆవిడ కళ్లలో మతిమరుపు లేదు. అన్నీ కనపడుతున్న మనిషి కళ్లలా ఉన్నాయి. "క్షమించేనని అనవే. ఒక్క మాట అనవే నూకాలూ."

గుమ్మంలోంచి ప్రకాశరావుగారు, "అనండి టీచరుగారూ" అన్నారు మెల్లగా. ఆయన కళ్లలో నీళ్లు.

టీచరుగారు ఆ చేతిని తన భుజం మీంచి తీసి రెండు చేతులతోనూ పట్టుకున్నారు. చాలా నెలల తరవాత ఆవిడ నడుం నిటారుగా అయింది. నేను మొదట విన్న గొంతుతోనే మాట్లాడారు.

"అమ్మా, నేను నూకాలుని కాదండి. నా పేరు శాంతమ్మ. దెబ్బలు తిన్నది ఆవిడ. ఆవిడ తరఫున నేను చెప్పకూడదండి."

వెంకాయమ్మగారికి వినపడిందో లేదో. "అనవే, అనవే" అంటూనే ఉన్నారు. టీచరుగారు ఆ చెయ్యి వదల్లేదు. ఆ మాట కూడా అనలేదు.

అలా అడుగుతూనే వెంకాయమ్మగారు నాలుగైదు రోజుల్లో పోయారు. నేను చాలా చావులు చూశాను. ఊపిరాడని చావులు చూశాను, నొప్పితో పోయినవాళ్లని చూశాను. అంతకన్నా కష్టమైన చావు చూడలేదు.

*ఖాళీ మంచం*

వార్డులో ఎవరూ టీచరుగారిని క్షమించలేదు. "ఒక్క మాట. నోటి మాట. అంటే ఏం పోయింది?" అని ఆవిడకి వినపడేలాగే అనుకునేవారు. ప్రకాశరావుగారు అందరి ముందూ ఏమీ అనలేదు గాని, నాతో మాత్రం, "అంత సేవ చేసి, చివర్లో మనసు గట్టిచేసుకున్నారు" అని బాధపడ్డారు.

నాకు టీచరుగారు చేసింది సరైనదే అనిపించింది. ఆ మాట ఆవిడతో చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"కాదు సిస్టర్. అన్నం పెట్టడానికి నూకాలునయ్యేను. కాళ్లు పట్టడానికి నూకాలునయ్యేను. అప్పుడంతా ఆయ్ అన్నదాన్ని, క్షమించమనేసరికి నేను కాదన్నాను. నిజంగా కాకపోతే మొదటిరోజే కాకూడదు కదండి. అయ్యాక, ఆ మాట కూడా అనాలి కదండి. నేను ఏది తప్పు చేసేను? ఎటు చూసినా ఒకటి తప్పే."

ఆ మాటే తరవాత చదువుకున్న పాస్టర్లని అడిగాను. తలో మాట చెప్పారు.

ఆవిడ మంచం ఎక్కలేదు. ఎంత చెప్పినా చాప మీదే. సాయంత్రం అయ్యేసరికి పక్క మంచం వైపు తిరిగి కూర్చునేవారు. అందులో వేరే ఎవర్నీ ఇంకా వెయ్యలేదు. ఒకరోజు ఆ ఖాళీ మంచం వైపు చూస్తూ, "ఆయ్" అన్నారు. కాసేపాగి మళ్లీ అన్నారు. సత్యవతి నా వైపు చూసింది. 

గ్రేసు అమలాపురం నుంచి వచ్చింది. అప్పుడప్పుడూ వస్తూనే ఉండేది, కాని మధ్యలో కాన్పు వల్ల చాలా నెలలు రాలేకపోయింది. చంకలో పసిపిల్లతో గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా!" అంది నవ్వుతూ.

టీచరుగారు గబగబా చాప మీంచి లేచి గోడవారగా నిలబడ్డారు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆయ్, అమ్మగారండి" అన్నారు.

గ్రేసు వెనక్కి తిరిగి చూసింది. తన వెనక ఎవరైనా వచ్చారేమో అనుకుంది.

గ్రేసు మమ్మల్ని తిట్టింది. ఏడ్చింది. ప్రకాశరావుగారిని కూడా వదల్లేదు. ఆ రోజే పెద్దమ్మని ఇంటికి తీసుకుపోయింది. ఇంట్లో అడుగుపెట్టనంటే పెట్టనని టీచరుగారు వెనక దొడ్లోనే కూర్చున్నారట. అన్నం పళ్లెంలో పెడితే ముట్టుకోలేదట, ఆకులో వేసి కింద పెడితే తిన్నారట. తను పెంచిన పిల్ల ఇంటి వెనక, తను పంతులమ్మగా ఉండి కూడబెట్టి కట్టించిన ఆ ఇంటి వెనక. గ్రేసు తట్టుకోలేకపోయింది. పది రోజులకి మళ్లీ మా దగ్గరికే తీసుకొచ్చి, నా చేతులు పట్టుకుని, "పెద్దమ్మని టీచరుగారూ అని పిలవండి. ఎప్పటికైనా పలుకుతుందేమో" అంది.

పిలిచాను. రోజూ పిలిచాను. కోటమ్మ చేత కూడా పిలిపించాను. కోటమ్మ పలక తెచ్చి ఒళ్లో పెట్టి, "దిద్దండమ్మా, మళ్లీ తప్పు రాసేను" అని ఏడ్చింది. టీచరుగారు దాన్ని చెంగుతో శుభ్రంగా తుడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చారు. అంట్లు తోమి ఇచ్చినట్టు.

చలికాలంలో నిమ్ము చేసి పోయారు.

*ఆ తరవాత*

సమాధి దగ్గర ప్రకాశరావుగారే మాట్లాడారు. తగ్గింపుకి, వినయానికి ఇంతకన్నా మాదిరి లేదన్నారు. చదువుకున్న మనిషి అయ్యుండి, ఎవరో తెలియని పెద్దావిడకి పనిమనిషిలా సేవ చేశారని, మనందరం అలా తగ్గించుకోవాలని చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. గ్రేసు అనలేదు. నేనూ అనలేదు.

ఈ పనిలోకి వస్తున్న వాళ్లకి నేను చెప్పగలిగింది చాలా కొద్ది. ముసలితనంలో మనిషి ఖాళీ అయిపోతాడనుకోకండి. ఎప్పటివో భయాలూ, ఒకప్పటి తప్పులూ, దాటి వచ్చామనుకున్న దొడ్లూ అన్నీ లోపలే ఉంటాయి. మనం ఒంటికి మందు రాస్తూ ఉంటే అవి వాటి పని చేసుకుంటూ ఉంటాయి. వార్డు నెమ్మదిగా ఉందంటే సంతోషించేముందు, ఆ నెమ్మది కోసం ఎవరు ఏం వదులుకున్నారో ఒకసారి చూడండి. సాధారణంగా, అడిగితే కాదనలేని వాళ్లే వదులుకుంటారు. తెలిసినంత మాత్రాన ఆపగలరని నేను చెప్పను. నేను మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాను, వద్దంటూనే ఉన్నాను. ఏమైంది?

మరుసటి ఏడు వానలకి ముందు హోంకి ఇంకొక ఆవిడ వచ్చారు. మునసబుగారి ఇంటి మనిషి. ఆవిడా సాయంత్రమైతే కేకలు. ఎవర్నో పేరు పెట్టి పిలవడం, పలకకపోతే ఏడవడం. ప్రకాశరావుగారు నన్ను ఆఫీసు గదికి పిలిచారు.

"సిస్టర్, ఆ కిటికీ పక్క మంచం మీద ఉండే కోటమ్మ నెమ్మదైన మనిషి కదా. ఈవిణ్ణి ఆవిడ పక్కన వేద్దామా?"

ఆ రోజు నేను తలుపు వేసి, ఆయన ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. చాప గురించి, గొలుసు గురించి, గ్రేసు ఇంటి దొడ్డి గురించి, టీచరుగారు నాతో అన్న ప్రతి మాటా చెప్పాను. ఇంతకుముందు ఎవరికీ అంత వివరంగా చెప్పలేదు. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం వెయ్యకుండా విన్నారు. చివరికి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"పాపం, శాంతమ్మగారు. ఎంత మంచి మనిషండీ" అన్నారు.

తరవాత సత్యవతిని పిలిచి, కొత్తావిడ మంచం కోటమ్మ పక్కన వేయించమని చెప్పారు.